దొరసాని జొన్నలు

జ్యేష్ఠమాసపు తొలివాన కురిసి మూడు దినములైనది. రెండేండ్లపాటు నిప్పులు చెరిగిన యాకాశము నల్లని మేఘమాలికలచే గప్పబడి వేదవీడు సంస్థానపు రేగడినేలల పగుళ్లను పూడ్చి మోడులైన తుమ్మలకు సైతము చిగురుమీద ఆశ గలిగించి చల్లని మట్టివాసనను ఊరూర వెదజల్లెను. ఆకులలములు దిని ప్రాణములు నిలుపుకొన్న జనులు వాకిళ్ల నిలిచి తడిసిన నేలను చేతితో దాకి చూచుకొనుచుండిరి. చూరునుండి జారు నీటిని దోసిట బట్టి ముఖమున కద్దుకొని యేడ్చిన వృద్ధులు గలరు. లోకమంతయు నిట్లు చల్లబడుచుండగా ఆ సంస్థానమునందు ఒక్కని కడుపు మాత్రము మండుచునే యుండెను. అతడు క్షామనివారణాధికారి చిట్రాజు తిరువేంగళయ్య.

తిరువేంగళయ్య దుర్మార్గుడు కాడు. దివానుగారు గంజిసత్రముల పెత్తన మప్పగించిననాటి నుండి ఊరూర కాలినడకను దిరిగి కట్టెలు దొరకనినాడు తన పెరటి పందిరి విరిచి పొయ్యిలో బెట్టించి ప్రతి గంగాళమందలి గంజిని తాను మొదట రుచి చూచిన పిదపనే వడ్డనకు సెలవిచ్చి వచ్చిన వారి నెల్ల పేరుపేరున బిలిచి కూర్చుండబెట్టినవాడు. గుండ్లకొట్టాల గ్రామపు సుంకులమ్మ యను కాపుటిల్లాలు మగనితోడను ఇద్దరు బిడ్డలతోడను బాటప్రక్క సొమ్మసిల్లి పడియుండగా బండిమీద వేయించి తెచ్చి నోట గంజి బోసి బ్రదికించినవాడును అతడే. “మా యయ్య గంజి” యని జనులు చెప్పుకొనగా విని మీసము సవరించుకొనుట యాతనికి గల యొకేయొక విలాసము. ఆ విలాసమును ఎవరును తప్పుపట్టలేదు.

అట్లుండగా దివానుగారి యాహ్వానమున సముద్రాంతర క్షామనివారణ సంఘమువారు వచ్చి కొండక్రింద తెల్లని గుడారములు వేసిరి. వారికి పెద్ద హెడ్విగ్ దొరసాని. ఆమె పొడవైన మనిషి. ఎండకు కందిన ముఖము. వ్యాకరణగ్రంథము ముందుంచుకొని తెలుగు నేర్చినందున ఆమె నోరు విప్పినచో రాతిశాసనము చదివినట్లుండెడిది. “ఓ జననీ, నీ శిశువు క్షీరమును పానము చేసెనా?” యని యామె యడుగగా పల్లెపడుచులు కొంగులు నోటికడ్డము పెట్టుకొని నవ్వి నవ్వి కడకు ఆమెను బ్రేమింపసాగిరి. పాలపొడి వచ్చెను. మందులు వచ్చెను. పని చేసి చూపినగాని గంజి పోయరాదను సర్కారు నిబంధన గుడారములకు లేదు గావున గంజిసత్రపు బంతులు నానాటికి పలుచనయ్యెను.

కన్నుకుట్టుట యననేమో తిరువేంగళయ్య అంతవరకు ఎరుగడు. ఇప్పుడు లెస్సగా నెరిగెను. అన్నము సయింపలేదు. గుడారముల వైపు చూడరాదని తల త్రిప్పుకొనును; మరల చూచును. ఒకనాడు సుంకులమ్మ బిడ్డలను చంకనిడుకొని దొరసాని బంతిలో గూర్చుండుట కంటబడగా తన యింటి మనిషి పరుల పంచ జేరినట్లు ఆతని మనస్సు విలవిలలాడెను. దివానుగారు సైతము సభలో “సంఘమువారి దయవలన సంస్థానము గట్టెక్కినది” అని పలికి తిరువేంగళయ్యను పేరైనను తలవకపోయిరి. ఆ మాట మేకువలె దిగబడి మరి యూడి రాలేదు.

తొలివాన కురిసిన మరునాడు హెడ్విగ్ దొరసాని తానై గంజిసత్రమునకు వచ్చెను. అప్పటికే సంఘమువారు దూరదేశమునుండి తెప్పించిన విత్తనపు జొన్నలను మొట్టమొదట గుండ్లకొట్టాలలో పంచిరి. కంకిని నల్లని పొడి చేయు కాటుకతెగులు సోకకుండ ఆ గింజలను నీలిరంగు మైలుతుత్తపు నీట ముంచి ఆరబెట్టిన పిదపనే పంచిరి. మైలుతుత్తము విషము. తినవలదని దండోరా వేయించినను ఆమె మనస్సు కుదుటబడలేదు.

“అయ్యా, మీరీ జనుల నెరిగినవారు. విత్తనమును వీరు భుజింతురా?”

తిరువేంగళయ్యకు తటాలున ఏరువాక పున్నమ జ్ఞప్తికి వచ్చెను. ఆ సీమలో ఏ గింజ విత్తుదురో ఆ గింజనే పిడికెడు తీసి దంచి పొలముగట్టున పొంగలి వండి కాడికి నివేదించి ఎద్దులకు బెట్టుదురు. మనుష్యులు నాలుకకు రాసికొందురు. అది వారికి తినుట కాదు, మ్రొక్కుబడి. చెప్పుటకు నోరు తెరచెను. ఇంతలో ఆమె వెనుక నిలిచిన జనులు ఆమెను ఆదరముతో జూచు చూపు కంటబడెను. నలుగురికి కడుపు త్రిప్పినచో ఈ చూపు కొంత మసకబారును గదా యని యొక నీచపుటూహ పాకుచు వచ్చి లోపల చుట్టగా చుట్టుకొనెను.

“మా రైతు ఆకలికి చచ్చును గాని విత్తనము దినడు” అని యాతడు గర్వముగా బలికెను. అందు అబద్ధ మొక్క యక్షరమైనను లేదు. దొరసాని నమస్కరించి పోయెను.

ఏరువాకనాడు ప్రొద్దు పొడుచు వేళ తిరువేంగళయ్య గుండ్లకొట్టాల పొలిమేరలో నిలిచి చూచెను. గట్లమీద ముప్పది చోట్ల పొయ్యిరాళ్లు పెట్టియుండెను. రోటి పోట్లు వినబడుచుండెను. పసుపు బూసిన కాడులు వరుసగా నిలిపియుండెను. వాని ప్రక్క ఎద్దులు లేవు. ఎద్దు లెప్పుడో కరవువాత బడెను. కాడికి భుజము లొడ్డుటకై తలపాగలు బిగించి మగవారును ఆడువారును ఎముకలగూళ్లవలె నిలిచియుండిరి. ఎద్దుల వంతు ఈ యేడు ఎవరు తిందురో ఆ క్షణమునగాని ఆతనికి దోచలేదు.

పరుగున పోయి సుంకులమ్మ పొయ్యికడ నిలిచి “అమ్మా, ఈ గింజలలో విషమున్నది. వండవలదు” అని రొప్పుచు బలికెను.

సుంకులమ్మ తలయెత్తి చూచినది. ఆమె చూపున కోపము లేదు, జాలి యున్నది.

“దొరసానమ్మ మాటెత్తితే నీకు కడుపులో ఎట్లో అయితాది. ఊరందరికీ తెలుసులే అయ్యా. తినేదానికి కాదు, మొక్కుకొనేదానికి. నీలమంతా పోయేదాకా కడిగినాం. పొద్దెక్కకముందే కాడి కట్టల్ల, అడ్డం లెయ్యి.”

ప్రక్క పొయ్యికడకు బోయెను. అచ్చటివారు నవ్విరి. తన యసూయ తనకొక్కనికే తెలిసిన రహస్యమని యాతడు తలచెను. అది ఊరివారి కబుర్లలో నలిగి నలిగి పాతబడియే పోయినది. నిజము చెప్పుచున్నను నమ్మువారు లేరు. ఎసరు పెట్టుచుండిరి.

అంతట తిరువేంగళయ్య పరువు మాట మరచి గుడారములకు బరుగెత్తెను.

“పొంగలి వండుదురు. విత్తనముతోనే వండుదురు. నాకు దెలియును. మీరడిగిన నాడును దెలియును.”

“తెలిసియు ఏల చెప్పరైతిరి?”

“మీమీది యసూయచేత.”

దొరసాని ముఖము పాలిపోయెను. గుడారమునుండి వెడలి పొలముల వైపు ఆతని కంటె వేగముగా నడువసాగెను. తిరువేంగళయ్య త్రోవలో గంజిసత్రము తెరపించి మిగిలిన జొన్నల మూటను భుజమున వేసికొని ఆయాసపడుచు వెంబడించెను.

గట్టెక్కి నిలిచి దొరసాని అందరు వినునట్లు పలికెను. “నేనొసగిన గింజలయందు విషము గలదు. మీ పూజను తెలిసికొనక యొసగితిని. ఆ దోషము నాది.”

రోటి పోట్లు ఆగిపోయెను. ఇన్ని నెలలుగా ఆమెకు దక్కిన మన్ననను ఆమె యొక్క నిట్టూర్పైనను విడువక నేలబెట్టుట తిరువేంగళయ్య చూచెను. తాను కోరినది సరిగా నదియే. కోరిన కోర్కె కన్నుల యెదుట తీరుచుండగా తల యెత్తి చూడలేకపోయెను.

“ఆమెది కాదు. ఆమె నన్నడిగినది. నేను దాచితిని” అని యాతడు పలికి మూట విప్పి సుంకులమ్మ కుండలోని గింజలను గుంటలో గ్రుమ్మరించి సర్కారు జొన్నలు పిడికెడు పోసెను. ముప్పది పొయ్యిలకడను వంగి వంగి పోసెను. ఎవరును ఆతనితో మాటలాడలేదు. కడపటి గట్టున ఒక కాడికి మనిషి చాలకపోగా అడుగకయే భుజము నొడ్డెను. సాయంకాలమునకు భుజముతోలు చిట్లి కండువాకు నెత్తురంటెను.

పుష్యమాసమున పంట యింటికి వచ్చెను. కాటుకతెగులు సోకని పెద్ద కంకులు. ఆ జొన్నకు జనులు దొరసాని జొన్నయని పేరు పెట్టుకొనిరి. గుండ్లకొట్టాలవారు తిరువేంగళయ్యను జూచినపుడు ఆ నెలలన్నియు పలుకరింపును తగ్గించియే యుండిరి. అంగడిలో ఆ పేరు విన్నపుడు ఆతని కడుపులో పాత నిప్పురవ్వ యొకటి కదలెను, కదలలేదనుట బొంకు.

ఒకనాటి యుదయమున సుంకులమ్మ ముంతతో గంజిసత్రపు గడపకు వచ్చెను. సత్రము మూతబడుచున్న దినములవి.

“కొత్త జొన్నల పొంగలి అయ్యా. ఎద్దుల వంతు. మేమింకా ఎద్దులు కొనలేదు.”

తిరువేంగళయ్య ముంత నందుకొనెను. ఆవిరి ముఖమునకు దాకెను. ఇన్ని గంగాళముల గంజిని మొదట రుచి చూచిన యలవాటున వ్రేలితో నించుక దీసి నోట నిడుకొనెను.

“ఎట్లుంది?”

ఆతడు కొండక్రింది తెల్లని గుడారములవైపు చూచెను. ఈ మారు తల త్రిప్పుకొనలేదు.

“బాగున్నవి” అనెను. మరికొంత నోట నిడుకొని “దొరసాని జొన్నలు మిక్కిలి బాగున్నవి” అని ముంతలోని పొంగలిని అడుగంటువరకు దినెను.