ఒక గంట

సినిమా మొదలయ్యేదే సోమశేఖర్ గొంతుతో. "ఇది నా ఒక్కడి సినిమా కాదు. మునేష్, యశ్వంత్, నాగరత్న, నేను. మా నలుగురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఇది బయటికి పోదు" అంటుంది ఆ గొంతు. వెనకాల గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ మీద పొద్దు వాలుతూ ఉంటుంది. నాగరత్నకు ఆ మాట నచ్చింది. ఆ సినిమా మొత్తంలో తనకు నచ్చబోయేది అదొక్కటేనని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆదివారం పొద్దున. మారికుప్పంలో గని కార్మికుల వరస ఇళ్ళలో మునేష్ వాళ్ళ లైన్ ఇంటి ముందు గది. కీబోర్డు స్టాండు మీద ల్యాప్‌టాప్ పెట్టి, చాప మీద ముగ్గురినీ కూర్చోబెట్టాడు బెంగళూరు నుంచి వచ్చిన డైరెక్టర్ సోమశేఖర్. వాళ్ళు చూస్తుంటే వాళ్ళ ముఖాలను కూడా తీయాలట. అందుకని కెమెరా అమ్మాయి చంద్రిక ఎదురుగా నిలబడి ఉంది, కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతోంది. రేపు సినిమాను ఏదో ఫిలిం ఫెస్టివల్‌కి పంపాలి. ఈ ముగ్గురూ ఊఁ అంటే చాలు.

వీళ్ళ బ్యాండు పేరు 'మూడు గంటలు'. మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఆయుధపూజకు పోతే, "ఇప్పుడు మూడు గంటల సేపు పాటలు" అని యాంకరు ప్రకటించి జనాన్ని హడలగొట్టాడు. ఆ గంటలు ఇవి కావు. మునేష్ తాత పెద్దన్న బంగారు గనిలో షాఫ్ట్ మూతి దగ్గర పనిచేసేవాడు. కింద నుంచి మనుషుల్ని మోసే కేజ్ రావాలన్నా పోవాలన్నా గంట సైగే. మూడు గంటలు కొడితే మనుషులెక్కారు, పదిలం అని. ఒక గంట కొడితే ఆపు. ఎందుకూ ఏమిటీ అని అడగడానికి లేదు, ముందు ఆపాలి. గని మూతపడ్డాక పెద్దన్న ఈ గదిలోనే గుమ్మం పక్కన ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసుకున్నాడు. మాటలు రాని మనవడికి ఆ సైగలు నేర్పాడు. మునేష్ 'అమ్మా' అనకముందే 'ఒక గంట' అన్నాడు.

ఇప్పుడు మునేష్‌కు ముప్ఫై దాటింది. కుక్కరు విజిల్‌కు కూడా చెవులు మూసుకుంటాడు గానీ, ఆ పట్టా ఎంత గట్టిగా మోగినా బెదరడు. అది మోగాక ఏమవుతుందో వాడికి తెలుసు గనుక. మూడు కొడితే పాట మొదలు. ఒకటి కొడితే అందరూ ఆపేస్తారు. షూటింగ్ మొదటి రోజే నాగరత్న ఇదంతా సోమశేఖర్‌కు చెప్పింది. "మీ కెమెరాకి గూడా ఇదే రూలు సార్" అంది. ఆయన తలాడించాడు. ఆ మాటను రికార్డు కూడా చేసుకున్నాడు.

సినిమా నడుస్తోంది. మునేష్ అమ్మ నరసమ్మ ఏడుస్తోంది, మళ్ళీ ఏడుస్తోంది. ఆమె ఉల్లిపాయలు తరుగుతున్నా వెనకాల వయొలిన్ మూలుగుతోంది. డోలక్ వాయించే నాగరత్న, గిటార్ వాయించే యశ్వంత్ తెర మీదికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 'స్పెషల్' అంటున్నారు. బడిలో అక్షరాలు కుదురుగా నిలవక మొద్దు అనిపించుకున్న నాగరత్నకు ఆ మొద్దే నయమనిపించింది. క్యాసంబళ్ళి సంతలో ఆమె తీసిన యశ్వంత్ వేళాకోళాలేవి? శ్రుతి కోసం మునేష్ వాళ్ళిద్దరితో కొట్లాడిందేది? ఒక్కటీ లేదు. ఆయన తమ చేతికి కెమెరా ఇచ్చి, మీరు కూడా తీయండి అని ఊదరగొట్టింది ఎందుకో!

అంతలో తెర మీదికి ఆవని జాతర వచ్చింది.

ఆ రోజు నాగరత్ననూ యశ్వంత్‌నూ కొండ మీద షాట్ తీసుకురమ్మని పంపించాడు సోమశేఖర్. దిగి వచ్చేసరికి మునేష్ వ్యాను కింద దూరి ఉన్నాడు. "కాస్త ఎమోషనల్ అయినాడు, అంతే" అన్నాడు ఆ పెద్దమనిషి. అసలు జరిగిందేమిటో నాగరత్న ఇప్పుడు చూస్తోంది. జనరేటరు రొద, కళ్ళల్లోకి కొట్టే లైట్లు, చుట్టూ జనం. కీబోర్డు ముందు మునేష్ ఊగిపోతున్నాడు. కొట్టడానికి అక్కడ పట్టా లేదు. "ఒక గంట" అంటున్నాడు. "ఒక గంట! ఒక గంట!" కెమెరా ఆగలేదు సరికదా, వాడి ముఖం దగ్గరికి పోయింది.

యశ్వంత్‌కు ఒక అలవాటుంది. ఎక్కడ అక్షరాలు కనబడినా పైకి చదువుతాడు, బస్సు బోర్డయినా బిస్కట్ ప్యాకెట్టయినా. తెర కింద ఇంగ్లీషులో పడుతున్న అక్షరాలను కూడా చదివాడు.

"వన్ మోర్ అవర్. ప్లీజ్. లెట్ మీ ప్లే వన్ మోర్ అవర్."

నాగరత్న ఒళ్ళు భగ్గుమంది. ఇంకో గంట వాయించనివ్వమన్నాడట! ఆపండిరా అని ఏడ్చినవాడి నోట్లో ఇంకా కావాలనే మాట కుక్కి, దాని మీద వయొలిన్ పోశారు.

"ఏం సార్ ఇది? ఆ గంట టైమా? ఆపమని సైగ కదా! మొదటి దినమే చెప్పినాను కదా!"

సోమశేఖర్ ఒక క్షణం తెల్లబోయాడు. ఆ మాటకొస్తే అప్పుడు నిజంగానే మరిచిపోయి ఉండవచ్చు. కానీ వెంటనే సర్దుకున్నాడు. "సబ్‌టైటిల్ మార్చేస్తాను. సీన్ మాత్రం ఉండనీ. చూసినవాళ్ళందరూ ఏడ్చినారు. సినిమాకి ప్రాణమే అది."

"వాని ప్రాణం పోతా ఉండాది ఆడ. మీకు సినిమా ప్రాణమా?"

ఈలోపు మునేష్ లేచాడు. తెర మీద తన అరుపు తనకే వినబడుతుంటే తట్టుకోలేక, తడబడుతూ వెళ్ళి సుత్తితో రైలుపట్టా మీద ఒక దెబ్బ కొట్టాడు.

ఖంగుమంది. యశ్వంత్ చదవడం ఆపేశాడు. నాగరత్న నోటిదాకా వచ్చిన మాటను ఆపేసింది. కానీ తెర మీద అరుపు ఆగలేదు, ఎర్రలైటూ ఆరలేదు. చంద్రిక బెదురుగా సోమశేఖర్ వైపు చూసింది. ఆయన గొంతు తగ్గించి, "తియ్యి, తియ్యి. ఎండింగ్ ఇదే" అన్నాడు.

మునేష్ చేతిలోని సుత్తి కింద పడింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఒక గంట మోగాక కూడా ఏదీ ఆగకపోవడం ఇదే మొదటిసారి. వాడు పట్టా వైపు చూశాడు, అది కూడా తనకు అబద్ధం చెప్పినట్టు. తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

నాగరత్నకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఏడుపులన్నీ ఆ సినిమాలో ఉన్నాయిగా, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. ఇన్నాళ్ళూ నోరారా పిలిచిన 'సార్' ఆ కోపంలో ఎటుపోయిందో పోయింది.

"ఇదో చూడప్పా. నలుగురిలో ఒకరు వద్దంటే పోదని నీ నోటితోనే చెప్పినావు గదా. నేను వద్దంటా ఉండాను. ఈ సినిమా యాడికీ పోదు. ఇంగ పెట్టె సర్దుకో."

సోమశేఖర్ ముఖం పాలిపోయింది. "కోపంలో అట్లనొద్దు నాగరత్నా. ఎంత కష్టపడినాము! నన్ను మాట్లాడనీ. ఒక గంట ఇవ్వు. ఒక్క గంట. అంతకన్నా ఏమీ అడగను."

"ఒక్క గంటే కదా? ఇస్తా."

వంగి సుత్తి తీసుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి కొట్టింది.

చంద్రిక కెమెరా దించింది. ఎర్రలైటు ఆరిపోయింది. మునేష్ చెవుల మీంచి చేతులు తీశాడు, వెళ్ళి ల్యాప్‌టాప్ మూసేశాడు.