తమన్నా చెప్పిన వాన

మల్కాజ్‌గిరిలో వినాయకుడి బొమ్మలు చేసే భద్రయ్య ఉండే గల్లీలో ఆ నెలంతా మనుషులు ఒదిగి ఒదిగి నడవాల్సిందే. వినాయక చవితి దగ్గర పడుతోంది. ఇంటి ముందు, అరుగు మీద, ఎదురింటి గోడ పొడవునా మట్టి గణపతులు ఎండకు ఆరుతూ కూర్చున్నారు. స్కూటర్ల వాళ్లు కూడా బండి దిగి నెమ్మదిగా తోసుకుంటూ వెళ్లేవారు.

భద్రయ్య ఇంటి పై వాటాలో అద్దెకుండే తమన్నాకు మాత్రం ఆ గణపతులను చూస్తే భయం. పోయిన ఏడు ఇలాగే ఆరబెట్టిన బొమ్మలన్నీ ఒక్క వానకు బురదైపోయాయి. ఆ తర్వాత చాలా రోజులు భద్రయ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నల్లగొండ నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో వాన అంచనాల మీదే పరిశోధన చేస్తున్న తన కళ్ల ముందు జరిగిందది. ఎంత నామోషీ. ఈసారి ముందుగా చెప్పి తీరుతానని ఆయనకు మాటిచ్చింది.

ఆమె ధీమా అంతా డాబా మీద బిగించిన తెల్లటి యాంటెనా. మన ఫోన్లకు దారి చూపించే ఉపగ్రహాలే దానికీ సంకేతాలు పంపుతాయి. ఆ సంగతి ఒకరోజు భద్రయ్య భార్య దేవమ్మకు చెప్పింది.

"బస్సు లేటయితే తొవ్వల రష్ ఉన్నదని తెలుస్తది గద పెద్దమ్మా. గిదీ అంతే. పైకెల్లి వచ్చే సిగ్నల్ జెర లేటయితే గాలిల తేమ ఎక్కువున్నట్టు. తేమ జల్ది జల్ది పెరుగుతుంటే పెద్ద వాన తయారైతున్నట్టు."

"అంత దూరంకెల్లి వచ్చేది జెర లేటయితే నీకెట్ల ఎరుకైతది?"

"అది లెక్క కట్టుడే నా నౌకరీ."

దేవమ్మ మహా ముచ్చటపడింది. ఆ రోజు నుంచి డాబా ఊడ్చినప్పుడల్లా యాంటెనాను కొంగుతో తుడిచేది.

చిక్కల్లా వానతోనే వచ్చింది. రెండుసార్లు తమన్నా "వాన గ్యారంటీ" అంది. రెండుసార్లూ గల్లీ అంతా కలిసి బొమ్మలను ఇళ్లలోకి మోసింది. టార్పాలిన్ పట్టాలు కప్పితే చాలదు, కింద నుంచి గల్లీ నీళ్లు వచ్చేస్తాయి. పచ్చిగా ఉన్నవాటిని మోస్తే తొండమో చెయ్యో విరగక మానదు. ఇంతా చేస్తే ఆ వాన పక్కనున్న మౌలాలిలో కురిసింది. ఇక్కడ చుక్క లేదు.

"మౌలాలి వానకు మల్కాజ్‌గిరిల బొమ్మలు మోపిస్తివి గద బిడ్డా" అన్నాడు భద్రయ్య, విరిగిన తొండం అతికిస్తూ. కోప్పడలేదు, నవ్వాడు. కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది తమన్నాకు.

ఆ శనివారం పొద్దున చాయ్ దగ్గర, తేమ మళ్లీ పెరుగుతోందని, వాన రావచ్చని మెల్లగా చెప్పింది. భద్రయ్య పైకి చూశాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది. "జెర ఆరనియ్యి బిడ్డా" అని రంగులు కలుపుకోవడానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తమన్నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. తేమ గీత పైకి లేస్తూ లేస్తూ పొద్దుననే ఒక్కసారిగా ఆగిపోయి ఉంది. యాంటెనా నుంచి ఏమీ రావడం లేదు. సరిగ్గా అవసరానికే ఇది మొండికేయాలా అనుకుంటూ డాబా మెట్లెక్కింది.

యాంటెనా కనపడలేదు. దాని మీద బగారన్నం వండే పెద్ద అల్యూమినియం గిన్నె బోర్లించి, ఎగిరిపోకుండా ఇటుక పెట్టి ఉంది.

"పెద్దమ్మా, గిదేంది?"

దేవమ్మ మెట్ల దగ్గర నుంచి తాపీగా చెప్పింది. "వానొస్తదంటివి గద. పాపం, మిషన్ తడుస్తదని కప్పిన."

వాన జాడ చెప్పేదానికి వాన తగలకూడదట. తమన్నాకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే, ఈ గల్లీలో తన మాట పొద్దున్నే నమ్మిన మనిషి ఒకరున్నారని తట్టి కళ్లు చెమర్చాయి. గిన్నె తీసి పక్కన పెట్టి గదిలోకి పరుగెత్తింది. కాసేపటికి గీత తిరిగి వచ్చింది. ఆ రెండుసార్ల కంటే చాలా ఎత్తున ఉంది, ఇంకా పెరుగుతూనే ఉంది.

కిందికి దిగి భద్రయ్య ముందు నిలబడింది. ఈసారి గ్యారంటీ అనలేదు.

"మళ్ల మౌలాలికి పోతే పోవచ్చు పెద్దనాన్నా. కానీ తేమ ఇంతగనం నేనెప్పుడు చూడలే. బొమ్మలు లోపల పెడితే మంచిది. తొండాలు విరిగితే నేను సుత కూసోని అతికిస్త."

భద్రయ్య కుంచె పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. వెనక నుంచి దేవమ్మ కుచ్చిళ్లు దోపుకుంటూ వచ్చింది.

"పొల్ల మాట మీద నేను పొద్దుగాలనే మిషన్ కప్పిన."

"బొమ్మలను ఇడిసిపెట్టి మిషన్ కప్పినవా?"

"బొమ్మలకు మనమున్నం. దానికెవలున్నరు?" అంటూ వంగి, పెద్ద గణపతి పీటను ఒకవైపు పట్టుకుంది. ఆయన రెండోవైపు పట్టుకోక తప్పలేదు.

ఎదురింటి ప్రిసిల్లా టీచరు గొణుగుతూనే చెయ్యేసింది. ఆమె వెనక గల్లీ అంతా వచ్చింది. చివరి బొమ్మ గడప దాటుతుండగా గాలి లేచింది, ఆ వెంటనే వాన. అలాంటిలాంటి వాన కాదు. ఎదురిల్లు కనపడకుండా పోయింది, గల్లీ కాలువైంది, ఎవరిదో చెప్పు మెయిన్ రోడ్డుకు బయల్దేరింది.

ఇల్లంతా గణపతులే. మంచం మీద, బియ్యం డబ్బా మీద, పై వాటాలో తమన్నా గ్యాస్ పొయ్యి పక్కన. మనుషులకు జాగా లేక అందరూ ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడే చాయ్ తాగారు. మౌలాలికి పోయే వాన దారి తప్పిందని ప్రిసిల్లా టీచరు అంటే ఇల్లు ఘొల్లుమంది. తమన్నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది. అయినా నిజం చెప్పకుండా ఉండలేకపోయింది.

"అన్నిసార్లు గిట్ల కాదు పెద్దనాన్నా. నేను చెప్పినంక సుత రాకపోవచ్చు."

భద్రయ్య విరిగిన మట్టి చెయ్యి ఒకటి తడిగుడ్డలో చుడుతున్నాడు. తలెత్తలేదు.

"నువ్వు చెప్పుడు మానకు బిడ్డా. రాకపోయినా మోస్తం."