పిట్ట గీత

పోయిన జూన్ పదకొండు, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రై బ్రెడ్డు మధ్య పెట్టుకున్న మీట్‌లోఫ్, అంటే కాల్చిన కైమా దిమ్మ ముక్క, ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయ ఒకటి. మీట్‌లోఫ్ ముందురోజు నేను చేసింది కాబట్టి పొడిపొడిగానే ఉంది. కానీ దోసకాయల సీసా మూత మొదటి తిప్పుకే ఊడి వచ్చింది. ఒంటరిగా ఉండేవాడికి అది చిన్న విషయం కాదు. మంచి రోజే అనుకుని టోపీ పెట్టుకుని వాండా కొట్టుకి బయలుదేరాను.

తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆటగాళ్ల బొమ్మలుండే ఆ ఏటి బేస్‌బాల్ కార్డులు విడుదలైంది ఆ రోజే. కొత్త కార్డులు ఎప్పుడూ బుధవారమే వస్తాయి. ముప్పై ఒక్క ఏళ్లపాటు అలాంటి బుధవారం నేనూ నా భార్య నేడీన్ ఒక పెట్టె కొని, అక్కడే గల్లా పక్కన నిలబడి విప్పేవాళ్లం. ప్యాకెట్లు చింపడం ఆమె పని. కార్డుల్ని పల్చని ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టడం నాది. ఆమె మూడో తరగతి టీచరు, వేళ్లకి ఎప్పుడూ చాక్‌పీసు పొడి ఉండేది. ఆమె పోయాక అది మూడో జూన్. ఇప్పుడు రెండు పనులూ నేనే చేసుకుంటున్నాను.

వాండా యబ్లాన్‌స్కీ కొట్టు మన్రో స్ట్రీట్‌లో, బూట్లు కుట్టే దుకాణం పక్కన. తలుపుకి పెద్ద ఇత్తడి గంట కట్టి ఉంటుంది. తలుపు తోస్తే ఆ మోత వీధి చివరిదాకా వినిపిస్తుంది. మా ఊరు టొలీడోలో దొంగలు తన కొట్టు జోలికి రానిది దానికి భయపడేనని వాండా గొప్పగా చెప్పుకుంటుంది.

"వచ్చావా రస్! కిడ్నీ ఒకటే తెచ్చావా, రెండూ తెచ్చావా?" అంది నన్ను చూసి.

"ఎంతేంటి ఈసారి?"

"మూడొందల నలభై డాలర్లు."

"పోయినేడు రెండొందల అరవై కదా!"

"పోయినేడు నీ నెత్తిన జుట్టు కూడా ఉండేది."

ఒకప్పుడు కార్డులు వేసే కంపెనీలు మూడుండేవి. ఒకరి అట్ట బాగాలేకపోతే ఇంకొకరివి కొనేవాళ్లం. ఆ భయానికి ముగ్గురూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవారు. నాలుగేళ్ల కిందట లీగూ ఆటగాళ్ల సంఘమూ కలిసి కార్డులు వేసే హక్కంతా హాల్‌బ్రుక్ అనే ఒక్క కంపెనీకే రాసిచ్చేశాయి. అప్పట్నుంచి ధర ఏటేటా పైకి పోతోంది, అట్ట ఏటేటా పల్చబడుతోంది. బొమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మూలలు ప్యాకెట్లోనే నలిగి వస్తాయి. సంతకం కార్డు మీద ఉండదు, ఆటగాడు ఏ హోటల్ గదిలోనో కూర్చుని వేలకొద్దీ గీకిన స్టిక్కర్ల మీద ఉంటుంది. దాన్ని తెచ్చి వంకరగా అంటిస్తారు. ఒక్కోసారి కార్డే ఉండదు, మీ కార్డు తర్వాత పంపుతాం అన్న చీటీ ఉంటుంది. అడుగుదామంటే ఎవర్ని అడుగుతాం? పక్క అంగడి లేదు.

నేను ముప్పై ఏడేళ్లు ఈ కౌంటీ వంతెనలు తనిఖీ చేసినవాణ్ని. పగులు ఎక్కడుందా అని చూడటమే నా ఉద్యోగం. చదువుకున్నదీ అదే. ఆ చూపు పదవీ విరమణతో పోలేదు. ఆ రోజు మొదటి ఎనిమిది ప్యాకెట్లలో పదకొండు నలిగిన మూలలు, ముద్రలో రెండు తెల్లచారలు కనిపించాయి.

తొమ్మిదో ప్యాకెట్లో లమార్ బ్రిస్టో దొరికాడు.

లమార్ మా వీధి కుర్రాడు. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండే ఒడెస్సా అతని మేనత్త, ఆమే పెంచింది. పదిహేనేళ్ల కిందట నేడీన్ తరగతిలో కూర్చున్న ఎడమచేతివాటం పిల్లాడు, ఆ ఏప్రిల్‌లో పెద్ద లీగులో తొలిసారి బంతి విసిరాడు. ఇది అతని మొట్టమొదటి కార్డు. "ఏదో ఒక జూన్‌లో వీడు మన ప్యాకెట్లోంచి బయటికొస్తాడు చూడు రస్," అనేది నేడీన్. వచ్చాడు. చూడటానికి ఆమె లేదు.

"స్టిక్కర్ కాదు రోయ్! కార్డు మీదే సంతకం!" అని వాండా గల్లా మీద చరిచింది.

నిజమే. నీలి సిరాతో, గుండ్రని అక్షరాలతో పూర్తి పేరు రాశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. అప్పుడు కనిపించింది. కింద ఎడమ మూల నలిగి ఉంది. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి ఉంది. పేరు కింద, చివరి అక్షరం దగ్గర, చిన్న వంకర గీత. కలం జారినట్టు.

"ఇన్ని వేల కార్డుల్లో నేడీన్ పిల్లాడిదే పాడవ్వాలా?" అన్నాను.

పాడైన కార్డుల్ని కంపెనీకి తిప్పిపంపితే బదులు పంపుతారు. కంప్యూటర్లతో పడలేని నాలాంటివాళ్ల కార్డులన్నీ వాండా పోగుచేసి, ఫారాలు జతచేసి, శుక్రవారం నాలుగింటికి కొరియర్ బండికి ఇస్తుంది. నేను ఫారం అడిగాను.

"ఆలోచించుకో," అంది. "బదులుగా అదే కార్డు వస్తుందని ఎక్కడా రాసిలేదు. పోయిన నెల ఒకాయన బంతి విసిరే మంచి పిచర్‌ని పంపితే, బంతి పట్టుకునే ఊరూ పేరూ లేని క్యాచర్ వచ్చాడు."

"మూల ఒక్కటే అయితే ఊరుకునేవాణ్ని వాండా. పేరు కింద మరకతో ఎలా పెట్టుకోను? నేడీన్ ఫొటో పక్కన పెడదామనుకున్నాను."

"తిప్పిపంపినవి మిషన్లో వేసి తురిమేస్తారు. తర్వాత వచ్చి నా దగ్గర ఏడవకు."

ఫారంలో 'లోపం' అన్న చోట 'సంతకం కింద సిరా జారింది' అని రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చేశాను. నా దస్తూరి ఆ రోజు చాలా బాగా కుదిరింది కూడా.

శుక్రవారం మూడున్నర ప్రాంతంలో నేను నడకనుంచి వస్తుంటే, ఒడెస్సా గొట్టంతో మొక్కలకి నీళ్లు పెడుతోంది. నేడీన్ పిల్లలకి చదువు చెప్పిందన్న గౌరవంతో ఆమె నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు.

"మిస్టర్ టీగ్! మావాడి కార్డులు వచ్చాయటగా. మీకేమైనా దొరికిందా?"

"దొరికింది ఒడెస్సా. సంతకంతో సహా. కానీ ఏం లాభం, పాడైపోయింది."

"పాడైందా? ఎలా?"

"మూల నలిగింది, సరే. పేరు కింద కలం జారిపోయింది. తొందరలో గీకినట్టున్నాడు, పాపం."

"జారడమంటే ఎట్టా?"

నేను గాల్లో వేలితో గీసి చూపించాను. పైకి, కిందకి, మళ్లీ పైకి, కిందకి.

ఒడెస్సా చేతిలో గొట్టం కిందపడింది. నా బూట్లు తడిసిపోయాయి.

"అయ్యో నా తండ్రీ! అది కలం జారడం కాదండీ. అది టీచరమ్మ పిట్ట!"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి పరిగెత్తి, లమార్ మూడో తరగతి స్పెల్లింగ్ పుస్తకం తెచ్చింది. పేజీ అడుగున ఎర్ర పెన్సిల్‌తో రెండు వంపుల గీత. రెక్కలు చాచిన పిట్ట. అదే గీత.

"బాగా రాసిన పిల్లలకి అందరూ చుక్కలు పెడతారు, నేను పిట్ట పెడతాను, చుక్క ఉన్నచోటే ఉంటుంది, పిట్ట అయితే ఎగురుతుంది అనేవారట," అంది ఒడెస్సా. "మీకు తెలీదా?"

తెలీదు. దిద్దాల్సిన పుస్తకాలు నేడీన్ ఎప్పుడూ ఇంటికి తెచ్చేది కాదు, బడిలోనే కూర్చుని ముగించుకుని వచ్చేది. ఇల్లు ఇల్లే, బడి బడే. నలభై మూడేళ్ల కాపురంలో నేను ఆ పిట్టని చూడలేదు.

"రెండొందల కార్డులు పంపి సంతకాలు చేయమన్నారట. ఎనిమిదింటి మీదే పిట్ట వేశాను అత్తా అన్నాడు వాడు. ఎనిమిదే ఎందుకురా అంటే, మూడో తరగతి మొత్తానికి నాకొచ్చినవి ఎనిమిదే, దొంగపిట్టలు వేస్తే టీచరమ్మ ఊరుకోదు అన్నాడు. ఆ ఎనిమిదిలో ఒకటి మీ చేతికే వచ్చిందన్నమాట! ఎక్కడుంది, చూపించండి!"

"ఒడెస్సా," అన్నాను, "నేను దాన్ని తురిమెయ్యడానికి ఇచ్చేశాను."

నాలుగింటికి బండి వస్తుందని చెప్పాను.

"మరి నిలబడతారేంటి? ఎక్కండి కారు!"

వాండాకి ఫోన్ చేశాను. శుక్రవారం పెట్టెలు కట్టేటప్పుడు ఆమె ఫోన్ ఎత్తదు. మోగీ మోగీ ఆగిపోయింది. ఒడెస్సా ఇంటి చెప్పులతోనే కారు నడుపుతోంది. జుట్టు వంకీలు తిరగడానికి తలకి చుట్టుకున్న రింగులు తీయడం కూడా మర్చిపోయింది. ప్రతి ఎర్రదీపం దగ్గరా "ప్రభువా, ఇలా ఆపే దీపం నీది కాదని నాకు తెలుసు" అంటోంది. మన్రో స్ట్రీట్ మలుపులో కొరియర్ బండి మాకు ఎదురుగా వచ్చి, హారన్ కొట్టి, పక్కనుంచి వెళ్లిపోయింది.

కొట్టు తలుపు తోస్తే గంట ఊరంతా వినిపించేలా మోగింది. నాలుగు దాటి ఎనిమిది నిమిషాలు.

"బండి వెళ్లిపోయిందా?" అన్నాను.

"ఇప్పుడే. ఏం, ఇంకో కార్డు పాడైందా?"

నేను గల్లా అంచు పట్టుకుని నిలబడ్డాను. ఒడెస్సాయే చెప్పింది అంతా. పిట్ట, ఎనిమిది కార్డులు, పుస్తకం. వాండా మొదట నన్ను చూసింది, తర్వాత ఆమె తలమీద రింగుల్ని చూసింది, ఆ తర్వాత వంగి గల్లా పక్కన అంటించి ఉన్న పసుప్పచ్చ కాగితం పీకి నా ముందు పెట్టింది. 'రస్‌కి ఫోన్ చెయ్యాలి' అని ఉంది. కింద బుధవారం తేదీ.

"చేశావా?" అన్నాను.

"చేసినట్టుందా? మర్చిపోయాను. కానీ నువ్వు ఏడ్చే పని లేదు." సొరుగు తెరిచి, తొడుగులో ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "నీది పంపలేదు."

ఎందుకు పంపలేదో చెప్పడానికి ఆమె భూతద్దం ఇచ్చి నన్ను వంగమంది.

"జారిన సిరా ఒక్క పక్కకే సాగుతుంది, చివర పల్చబడుతుంది. చూడు, ఇక్కడ కలం మధ్యలో నొక్కి, ఎత్తి, మళ్లీ పెట్టాడు. జారిన కలం వెనక్కొచ్చి రెండో రెక్క గీస్తుందా మొద్దూ? ఏంటో తెలీలేదు కానీ కావాలని గీసిందని తెలుస్తూనే ఉంది. నిన్ను అడక్కుండా పంపబుద్ధి కాలేదు." ఒడెస్సా వైపు తిరిగింది. "ఈయన ముప్పై ఏడేళ్లు వంతెనలు చూశాడటమ్మా. ఇన్నాళ్లూ మనం నదిలో పడకుండా ఎలా బతికామో!"

ఒడెస్సా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఏడ్చింది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ స్టూలు అక్కడ ఉండటం కూడా ఆ రోజు నాకు దేవుడు చేసిన ఉపకారంలాగే అనిపించింది. వాండా నా ఫారం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. తర్వాత గసగసాల కేకు కోసి, కాఫీ పోసింది. ఒడెస్సా పిట్టల పుస్తకం గల్లా మీద పెట్టి ఒక్కో పేజీ తిప్పింది. ఎనిమిది పిట్టలూ లెక్కకి సరిపోయాయి.

ఆరింటికి కొట్టు మూసే వేళ మేం లేచి కారులో కూర్చున్నాం. ఒడెస్సా బండి తీయబోతుంటే ఆమె ఫోన్ మోగింది. కొట్టులోంచి ఆమె చేసిన ఫోన్లు చూసుకున్న లమారే. ఆమె స్పీకర్ పెట్టింది. ఆట మొదలయ్యేలోపు పది నిమిషాలు దొరికాయట.

"అత్తా, ఏంటి, ఆరుసార్లు చేశావ్? ఎవరికైనా బాలేదా?"

"అందరూ బాగానే ఉన్నార్రా. ఇదిగో, మిస్టర్ టీగ్‌తో మాట్లాడు. నీ పిట్ట ఒకటి ఈయన చేతిలో వాలింది."

"టీచరమ్మగారింటికా?" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "కార్డు బాగుందా సార్? ఈసారి అట్టలు మరీ ఘోరంగా వచ్చాయంట. మూలలు నలిగితే చెప్పండి, నా దగ్గర నాకిచ్చినవి ఉన్నాయి, మంచిది ఏరి పంపిస్తా. దానిమీద పిట్ట కూడా వేస్తా."

నేను కార్డుని కిటికీ వెలుతురులోకి పట్టుకున్నాను. మూల నలిగే ఉంది. బొమ్మ కొంచెం ఎడమకి ఒరిగి ఉంది, బుధవారం అదీ గమనించలేదు నేను. పేరు కింద పిట్ట ఎగురుతోంది.

"వద్దు బాబూ," అన్నాను. "అప్పుడు తొమ్మిది అవుతాయి. టీచరమ్మ ఊరుకోదు."

అటునుంచి పెద్దగా నవ్వాడు. ఒడెస్సా ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అద్దంలోంచి చూస్తే వాండా కొట్టు దీపాలు ఆర్పి బయటికొచ్చింది. మేమింకా ఫోన్‌లో ఉన్నామని చూసింది. ఒక చేత్తో ఇత్తడి గంటని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తలుపు మెల్లగా లాగి, చప్పుడు కాకుండా ఆ రోజుకి మూసేసింది.