ముప్పై రెండో ప్రమాదం

నా ఉద్యోగం సంతకం పెట్టకపోవడం. సౌదీలోని ఖఫ్జీ చమురు క్షేత్రంలో పైపు కోయాలన్నా, వెల్డింగ్ చేయాలన్నా, నిచ్చెన ఎక్కి ఒక బల్బు మార్చాలన్నా ముందు నా బల్ల మీదికి పర్మిట్ కాగితం రావాలి. ఆ పనిలో ఏయే ప్రమాదాలున్నాయో, ఒక్కోదానికి ఏం జాగ్రత్త తీసుకుంటారో అందులో వరసగా రాసి ఉండాలి. ఒక్కటి తగ్గినా నేను సంతకం పెట్టను. విశ్వనాథం సార్ దగ్గర సంతకం కంటే సౌదీ సర్కారు నుంచి నివాస అనుమతి ఇకామా తెచ్చుకోవడం తేలిక అని మావాళ్లు చాటుగా అనుకుంటారు. చాటుగా అనుకున్నవే నా చెవిన ముందు పడతాయి.

అలాంటివాడి ఒక్కగానొక్క కూతురు భవిత, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అన్నం కలుపుకుంటూ, "నాన్నా, నన్ను వియన్నాకి సెలెక్ట్ చేశారు. ఒక సెమిస్టర్ అంతా అక్కడే" అంది.

భవిత ఖోబర్‌లో ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతోంది. ఉండేది అక్కడి హాస్టల్లో. ప్రతి గురువారం మూడు గంటలు కారు నడిపి వెళ్లి దాన్ని ఇంటికి తెచ్చుకుని, శనివారం సాయంత్రం మళ్లీ దింపి వచ్చేవాణ్ణి. పుట్టింది దమ్మామ్‌లో, పెరిగింది ఖఫ్జీలో మా కంపెనీ కాంపౌండులో. ఇరవై ఏళ్ల పిల్ల, ఒక్కతే బస్సెక్కి ఎరగదు. ఆ పిల్ల వియన్నాలో ట్రాములెక్కి, వందల ఏళ్లనాటి భవనాల కొలతలు తీసుకుంటుందట.

"వద్దు" అన్నాను.

"ఎందుకు వద్దండీ?" అంది నా భార్య అలివేలుమంగ. ఆమె గొంతు పెంచదు. పెంచితే బావుండునని నాకు చాలాసార్లు అనిపించింది, సమాధానం చెప్పడం సులువవుతుంది. "నేనిక్కడికి వచ్చిన మొదటి పదేళ్లూ ఒక్కదాన్నీ వెళ్లి పాలప్యాకెట్ కొన్నది లేదు. అన్నీ మీరే తెచ్చిపెట్టారు. బాగానే చూసుకున్నారు, కాదనను. కానీ నా కూతురు ఏదో ఒక ఊళ్లో, ఎవరూ తోడు లేకుండా, తన పాలప్యాకెట్ తానే కొనుక్కోవాలి. అది నేను చూడాలి."

ఒప్పుకున్నాను, నా పద్ధతిలో. వియన్నా ప్రయాణానికి ఒక పర్మిట్ తయారుచేశాను. నాలుగు పేజీలు, ముప్పై ఒక్క ప్రమాదాలు. మంచు మీద జారిపడటం, ట్రాము తలుపుల్లో చున్నీ ఇరుక్కోవడం, జేబుదొంగలు, సౌదీకి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా గడువు దాటిపోవడం. పంతొమ్మిదోది 'స్నేహాలు' అని రాసి, జాగ్రత్త గడి ఖాళీగా వదిలేశాను. అది చూసి తల్లీకూతుళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. చివరి పేజీ అడుగున 'అనుమతి ఇచ్చినవారు' అన్న చోట నేను సంతకం పెట్టలేదు. "క్షేమంగా తిరిగొచ్చాక పెడతాను" అన్నాను. అలాంటి పర్మిట్ లోకంలో ఎక్కడా ఉండదని నాకూ తెలుసు.

ఏడో ప్రమాదం ఆహార పదార్థాలు. కస్టమ్స్ వాళ్లు ఆపుతారు కాబట్టి ఏమీ తీసుకెళ్లకూడదని రాశాను. బయల్దేరే ముందురోజు సూట్‌కేసు నేనే తెరిచి, కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి, బియ్యం అన్నీ ఏరి బయట పెట్టాను. మంగ ఒక్క మాట అనకుండా వాటిని వంటింట్లోకి మోసుకుపోయింది. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా నేననుకున్నానంటే, ప్రమాదాలు పసిగట్టే నా తెలివి ఏపాటిదో మీకే తెలుస్తుంది.

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో భవిత చేతిలో ఒక పసుప్పచ్చ కార్డు పెట్టాను. మా సైట్‌లో ప్రతివాడి జేబులోనూ ఉంటుందది. దాని మీద 'స్టాప్' అని రాసి ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే ఎంత చిన్న పనివాడైనా ఆ కార్డు ఎత్తవచ్చు. ఎత్తగానే పని ఆగిపోతుంది, ఎందుకు ఎత్తావని ఎవరూ నిలదీయరు.

"అక్కడ ఉండలేననిపిస్తే ఈ కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చాలు. మాట కూడా అక్కర్లేదు. మర్నాటికి టికెట్ కొంటాను" అన్నాను.

భవిత కార్డును పాస్‌పోర్టులో పెట్టుకుని నన్ను గట్టిగా పట్టుకుంది. మంగ పక్కకు తిరిగి నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను.

అది శనివారం. పిల్ల సాయంత్రానికి వియన్నా చేరి, హాస్టల్ గదికి వెళ్లి, చేరానని మెసేజ్ పెట్టి పడుకుంది. మర్నాడు ఆదివారం, యథాప్రకారం నేను డ్యూటీకి వెళ్లాను.

పదకొండు ముప్పావుకి ఫోన్ మోగింది. మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళ. సైట్‌లో పని ఆగింది, ఎదురుగా ఉన్న కిరాణా బకాలా కొట్టువాడు షట్టర్ దించి మసీదుకు వెళ్లాడు. ఆఫీసులో నేనూ, నా దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న నంద్యాల అల్లాబకాష్ ఉన్నాం. కాలికి దెబ్బ తగిలి, అతను ఆ మూల కుర్చీలో కూర్చునే నమాజు ముగించుకున్నాడు.

వీడియోలో భవిత ఒక గాజు తలుపు ముందు నిలబడి ఉంది. వెనక వీధి ఖాళీగా ఉంది. ఎక్కడో గంటలు గట్టిగా మోగుతున్నాయి.

"నాన్నా, బ్రెడ్ కొందామని వచ్చాను. షాపు మూసేసి ఉంది. చర్చి గంటలు కొడుతున్నారు. ప్రేయర్ టైమ్ అనుకుంటా."

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇరవై నిమిషాలు."

"అయితే ఇంకో పది నిమిషాలుండు. ప్రేయర్ అవగానే తీస్తారు" అన్నాను, వియన్నా నాకు కొట్టినపిండి అయినట్టు. మా బకాలా వైపు ఫోన్ తిప్పి చూపించాను కూడా. "చూడు, ఇక్కడా మూసే ఉంది."

భవిత తలూపింది. ఇద్దరం ఎదురుచూశాం. గదిలో హీటర్ ఎలా ఉందో, కిటికీ సరిగ్గా పడుతోందో లేదో అడిగాను. కిటికీ పడటం లేదట, గాలికి టపటపా కొట్టుకుంటోందట. గంటలు ఆగిపోయాయి. మా కొట్టువాడు తిరిగొచ్చి షట్టర్ ఎత్తాడు. ఆ గాజు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నాన్నా, ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను" అంది భవిత. "మన దగ్గరైతే షాపు తీసేసరికి బయట పది మంది ఉంటారు కదా." మళ్లీ తలుపు వైపు చూసింది. "నిన్న ఫ్లైట్‌లో ఇచ్చిన బన్ను తిన్నాను, అంతే. ఆకలేస్తోంది. ఎవర్ని అడగాలో తెలీట్లేదు." పెదవి బిగబట్టింది గానీ కళ్లు ఆగలేదు.

చిన్నప్పటి నుంచీ అది ఆకలికి ఏడిస్తే నా చేతులు ఊరుకోవు. ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో కంప్యూటర్‌లో విమానాల పేజీ తెరిచాను. సోమవారం మధ్యాహ్నం ఒకటుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు బాధ కంటే సంతోషం ఎక్కువ కలిగింది. ఎల్లుండికల్లా పిల్ల ఇంట్లో ఉంటుంది. గురువారాలు మళ్లీ నావవుతాయి.

"అమ్మలూ, ఆ కార్డు ఫొటో పెట్టు" అన్నాను.

అల్లాబకాష్ మూల నుంచి లేచి, కుంటుకుంటూ వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు.

"సార్, ఆడ ఈపొద్దు ఆదివారం గదా."

"ఇక్కడా ఆదివారమేగా."

"ఈడ ఆదివారమంటే పని దినం సార్. ఆడ ఆదివారమంటే ఈడ మనకు శుక్రవారం జుమ్మా సెలవు ఉన్నట్ల. ఇంక అంగడి తెరవరు. మీకు చిన్నప్పుడు ఇస్కూలు ఏ దినం సెలవు సార్?"

నేను కాకినాడలో ఆదివారం కోసం వారమంతా కాచుకుని పెరిగినవాణ్ణి. ఈ దేశం వచ్చిన ఇరవై రెండేళ్లలో అది ఎప్పుడు మరిచిపోయానో తెలియదు. నా కూతురికైతే మరిచిపోవడానికి కూడా లేదు. దాని బతుకంతా ఆదివారమంటే బడి ఉండే రోజు, యూనిఫాం ఇస్త్రీ చేసుకునే రోజు. ముప్పై ఒక్క ప్రమాదాలు రాశాను, ఆ రోజు ఏ వారమో రాయలేదు. బియ్యం, పొడులూ తీసి పారేసిందీ నేనే. పిల్లని పస్తు పెట్టింది వియన్నా కాదు.

మంగని కూడా కాల్‌లోకి కలిపాను. విషయం విని, ఆమె నేరుగా కూతురితోనే మాట్లాడింది.

"భవీ, గదికి వెళ్లి నీ సూట్‌కేసులో ఉన్న రైస్ కుక్కర్ మూత తియ్యి. టేపు అంటించి ఉంటుంది, కత్తెరతో కొయ్యి. నాన్న తీసేసిన బియ్యం, కందిపొడి, కారప్పొడి అందులో సర్దాను. నెయ్యి పెట్టలేదు, పాల వస్తువులు నిజంగానే రానివ్వరట. మిగతావాటికి ఇబ్బంది లేదు, నేనంతా చదివాను. ముందు అన్నం వండుకు తిను, ఏడుపు తర్వాత చూసుకుందాం."

భవిత ముక్కు తుడుచుకుని, "సరేమ్మా" అని పెట్టేసింది. మంగ కూడా పెట్టేసింది.

తర్వాతి ముప్పావుగంట నేను ఏ పర్మిట్ మీదా సంతకం పెట్టలేదు. విమానాల పేజీ మూయలేదు కూడా. అల్లాబకాష్ టీ తెచ్చి పెట్టాడు, అది చల్లారిపోయింది. అప్పుడు ఫోన్ టింగుమంది. భవిత ఫొటో పంపింది.

కార్డే అనుకున్నాను. తెరిచి చూస్తే, నేను రాసిన పర్మిట్ చివరి పేజీ. బియ్యం మూటతో పాటు కుక్కర్లో ఉందట. ముప్పై ఒకటో ప్రమాదం కింద మంగ గుండ్రటి చేతిరాత.

'32. ప్రమాదం: నాన్న. నీకు కాస్త కష్టం వచ్చిందని తెలిస్తే చాలు, వచ్చెయ్ అంటారు. అది నీ కోసం కాదు, నువ్వు లేకుండా ఉండలేక. జాగ్రత్త: ఆ ఒక్క మాట వినకు. ఆయన ఫోన్ చేస్తే మాత్రం ఎంత పనిలో ఉన్నా ఎత్తు.'

దాని అడుగున, అనుమతి ఇచ్చినవారు అన్న గడిలో, నేను ఖాళీగా వదిలిన చోట, కె. అలివేలుమంగ అని సంతకం.

నాకు కోపం రావాలి, రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఊరందరి ప్రమాదాలూ లెక్కపెట్టే నన్ను, ఇంట్లో కూర్చుని లెక్కపెట్టిన మనిషి ఒకరున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అల్లాబకాష్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు, మంచివాడు.

వెంటనే భవిత ఫోన్ చేసింది. ఈసారి వీడియోలో మొహం కంటే కంచమే ఎక్కువ కనబడింది. ఎర్రగా కలిపిన అన్నం.

"నాన్నా, కార్డు ఫొటో పెట్టను."

"తెలిసింది."

"కోపం వచ్చిందా?"

"లేదమ్మా. కడుపునిండా తిను."

విమానాల పేజీ మూసేశాను. ఆ ఫొటోని ప్రింటు తీసి, మంగ రాసినదాని కింద నేనూ ఒకటి రాశాను. '33. ప్రమాదం: ఆదివారం. జాగ్రత్త: శనివారం మధ్యాహ్నమే నాన్న గుర్తుచేస్తాడు.' మంగ సంతకం పక్కన గడిలో చోటు లేకపోతే అంచున నా సంతకం పెట్టి, ఫొటో తీసి ఇద్దరికీ పంపాను. క్షేమంగా తిరిగొచ్చాకే పెడతానన్న సంతకం, పిల్ల వెళ్లిన మర్నాడే పెట్టేశాను.

వచ్చిన శనివారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. మంగ స్పీకర్ పెట్టమంది.

"రేపు ఆదివారం" అన్నాను. "బ్రెడ్ కొన్నావా?"

"నిన్ననే కొన్నాను నాన్నా. పాలు, గుడ్లు కూడా. ఒక్కదాన్నే వెళ్లాను."

మంగ నా చెయ్యి పట్టుకుంది. నాకు సంతోషమే, కానీ ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఆ కార్డు ఏం చేశావు?" అన్నాను.

"మడిచి కిటికీ సందులో దోపాను. ఇప్పుడు టపటపా కొట్టుకోవట్లేదు, బాగా నిద్రపడుతోంది."

"మంచిది. మరి ఉంటానమ్మా."

"నాన్నా" అంది భవిత, నేను పెట్టేయబోతుంటే. "ఇక నేను శుక్రవారమే కొనేసుకుంటాను. అయినా నువ్వు ప్రతి శనివారం అడుగు."