ఓడ వచ్చింది, మల్లేశు రాలేదు

పుణ్యవతి భర్త మల్లేశు సైన్యంలో జనరేటర్ మెకానిక్కు. దక్షిణ ధ్రువం దగ్గర మన శాస్త్రవేత్తలకు సామాన్లు మోసుకుపోయే ఓడలో అతన్నీ పంపించారు. మూడు నెలల్లో వచ్చేస్తానని డిసెంబర్లో వెళ్లాడు. పుణ్యవతి జేకేపూర్‌లో, పేపరు మిల్లులో ఫిట్టరుగా చేస్తున్న అన్న సూర్యం ఇంట్లో ఉంటోంది.

ఏప్రిల్ మొదట్లో ఉత్తరం వచ్చింది. ‘మొన్నమొన్నటిదాకా ఇక్కడ పొద్దే గూకలేదు. ఇవాళ ఏ వారమో కూడా తెలియడం లేదు. ఈ ఓడలోనే వస్తున్నాను.’ కవరు మీద గోవా ముద్ర. ఓడ గోవా చేరిందని పేపర్లోనూ పడింది.

మూడు రోజులు వరసగా రాయగడ స్టేషనుకు వెళ్లి, విజయనగరం నుంచి వచ్చే బండి చూసింది. మల్లేశు దిగలేదు. ఉత్తరం తెచ్చిన ఓడ మనిషిని ఎందుకు తేలేదో ఆమెకు అంతుపట్టలేదు.

నాలుగోనాడు టెలిగ్రాం వచ్చింది. యూనిట్‌లో రాసి ఉన్న పాత చిరునామాకు, రామనగుడకు పోయి, నెల దాటాక ఇల్లు వెతుక్కుంటూ చేరింది. ‘ఓడ వెళ్లిపోయింది. ఏడాది ఉంటాను. క్షేమం.’

“ఓడొచ్చిందని పేపరోడంతాడు, ఎల్లిపోనాదని బావంతాడు. ఏది నిజమే అమ్మీ?” అన్నాడు సూర్యం.

“తేదీలు సూడన్నియ్యా.”

ఉత్తరం రాసింది ఫిబ్రవరి ఇరవై మూడున. టెలిగ్రాం ఇరవై తొమ్మిదిది.

“ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదేటి? టెలిగ్రామే తప్పు.”

పుణ్యవతి గోడ మీది కేలండరు తిరగేసింది. ఆ ఏడు ఇరవై తొమ్మిది ఉంది. అయితే ముందే ఎక్కించిన ఉత్తరంతో ఓడ అక్కణ్నుంచి వెళ్లిపోయిందన్నమాట, అతన్ని అక్కడే వదిలేసి. అతనే ఉండిపోయాడా, ఉంచేశారా?

రాయగడ తంతి ఆఫీసుకు వెళ్లి, వైర్‌లెస్‌లో అందించమని మల్లేశు యూనిట్‌కు ఒకే మాట పంపించింది: ‘ఎందుకు?’

పది రోజులకు జవాబొచ్చింది. ‘రెండో మెకానిక్కు జబ్బుపడి ఓడెక్కాడు. జనరేటరు ఆగితే పన్నెండుమందిమీ గడ్డకట్టిపోతాం. ఎవరూ బలవంతపెట్టలేదు.’

ఎందుకో తెలిసింది గాని, కోపం ఎవరి మీద చెయ్యాలో తెలియలేదు.

“ఆ రెండో మెకానిక్కుది ఏ ఊరో కనుక్కో అన్నియ్యా. కార్డు రాస్తాను.”

“తిట్టడానికా?”

“ఒంట్లో ఎలాగుందో అడగడానికి” అంది పుణ్యవతి. నిజంగా అందుకేనా అన్నది అప్పటికి ఆమెకూ తేలలేదు.