చీకట్లో ఊఁ కొట్టినాయన

మా ఆయనకి గిన్నెలు తోమడం బాగా వచ్చు. కాకపోతే చీకట్లోనే వచ్చు. వెలుతురొస్తే ఆ విద్య మర్చిపోతాడు.

ఎకసెక్కానికి అనడం లేదు, నిజమే చెబుతున్నాను. కువైట్‌లో యుద్ధం రాకముందు, ఖైతాన్‌లోని మా ఫ్లాట్‌లో ట్యూబులైట్లు నిక్షేపంగా వెలిగే రోజుల్లో, దేవానందం మంచినీళ్ళకి తప్ప వంటింటి గడప తొక్కేవాడు కాదు. ఒక్కసారి తొక్కాడు. నేను హాస్పిటల్ నుంచి వచ్చి ఇంకా తెల్ల యూనిఫాం విప్పలేదు. నా మొహం చూసి జాలేసిందో ఏమో, కింద చతికిలబడి వెల్లుల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టాడు. ఇంతలో బెల్లు మోగింది. వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి. తలుపు తీసేలోపు పళ్ళెం పొట్టుతో సహా నా ఒళ్ళోకి వచ్చేసింది, మా ఆయన కుర్చీలోకి వెళ్ళిపోయి పేపరు పట్టుకున్నాడు. అది అరబ్బీ పేపరు. ఆ భాషలో ఆయనకి అంకెలు తప్ప ముక్క రాదు. వచ్చినాయన నన్ను చూసి, "డ్యూటీ నుంచి రాగానే పొయ్యి దగ్గరకేనా జాయ్సీ? మా తమ్ముడు పెట్టి పుట్టాడు" అన్నాడు. తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను. యూనిఫాం నిండా వెల్లుల్లి పొట్టు.

ఆయన్ని కువైట్‌కి నా ఇఖామా మీదే, అంటే నా ఉద్యోగం చూపించి తీసిన పర్మిట్ మీదే, తెచ్చుకున్నాను. అదే ఆయన మెడకి గుదిబండ అయింది. రాజోలులో బస్సెక్కించే రోజు మా అత్తగారు అందరి ముందూ అన్నారు: "పెళ్ళాం తీసికెళ్తే ఎల్తన్నావు, సరే. అక్కడ చెంబూ తప్పేలా ముట్టుకున్నావని తెలిసిందంటే మాత్రం నేను చర్చిలో తలెత్తుకోలేన్రా అబ్బాయ్." మా అత్తగారు చెడ్డమనిషి కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కనే కూర్చుని గంజి తాగించిన మనిషి. కానీ కొడుకు చేతిలో గరిటె చూస్తే ఆవిడకి ప్రాణం పోయినంత పని. ఆవిడ అంత దూరంలో ఉన్నా, మా వంటింటి గుమ్మంలో ఎప్పుడూ కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉండేది ఆయనకి.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. తెలిసినవాళ్ళంతా మూటలు కట్టుకుని జోర్డాన్ దారి పట్టారు. హవల్లీలో ఆయన పనిచేసే షాపు లూటీ అయిపోయింది. నేను మాత్రం కదల్లేదు. వార్డులో సగం మంది నర్సులు వెళ్ళిపోయారు, మిగిలిన సగం కూడా వెళ్ళిపోతే మంచాల మీద ఉన్నవాళ్ళ గతేమిటి? "మీరు వెళ్ళండి" అన్నాను ఆయనతో.

"నిన్నొదిలేసి ఎల్తే మా అమ్మకేం చెప్పను?"

"మీ అమ్మ సంతోషిస్తుంది."

"నేను సంతోషించను కదా" అన్నాడు. అనేసి, కాళ్ళకి వేసుకున్న చెప్పుల కోసమే మంచం కింద వెతుక్కున్నాడు. ఆయనంతే. ప్రేమగా ఒక మాట అన్నాక ఏదో ఒకటి వెతుక్కోకుండా ఉండలేడు. ఇలాంటి మనిషి మీద కోపం నిలబడి చావదు, అదే నా బాధ.

చలికాలం మొదట్లో మా హాల్లోకి ఇద్దరు మగవాళ్ళు వచ్చి చేరారు. ఫహాహీల్‌లో మెకానిక్కు పెద్దిరాజు, పిఠాపురం నుంచి వచ్చి ఒక గోడౌన్‌లో లెక్కలు రాసే కుక్కుటేశ్వరరావు గారు. ఒంటరిగా ఉండడానికి భయం వాళ్ళకి. నన్ను అక్కా అనేవారు, మా ఆయన్ని బావగారూ అనేవారు. జనవరిలో బాంబులు మొదలయ్యాయి. వాటితో పాటే చలీ, గాలివానలూ. ఎడారిలో వానేమిటి అనుకుంటారు మనవాళ్ళు. వచ్చి చూస్తే తెలుస్తుంది! ఇసుకా నీళ్ళూ కలిసి గోడలకి బురద కొట్టినట్టు కొడుతుంది. కిటికీలకి దుప్పట్లు మేకులు కొట్టి బిగించాం, అద్దాలు పగిలితే మీద పడకుండా, చలి లోపలికి రాకుండా. కరెంటు ఒక పూట ఉంటే రెండు పూటలు లేదు. ఫిబ్రవరి చివర్లో అసలే పోయింది. మోటారు లేదు కాబట్టి మేడ మీది ట్యాంకులోకి నీళ్ళెక్కవు. కింద నుంచి బకెట్లు మోయాలి. ఆ పని మగవాళ్ళే చేసేవారు. బకెట్లు మోసినా, రొట్టెల కోసం క్యూలో నిలబడినా మగతనానికి లోటు లేదు. పొయ్యి దగ్గరే వచ్చింది తంటా.

నాది నైట్ డ్యూటీ. పొద్దున్నే ఇంటికొచ్చి, నలుగురికీ వండి, ఆ తర్వాత నడుం వాల్చేదాన్ని. మా వంటింటికి కిటికీ లేదు, పగలు కూడా గుడ్డిచీకటే. జనవరిలోనే, కరెంటు లేని ఒక పూట పప్పు కడగడానికి కూర్చుని, గ్యాస్ సిలిండరుకి తలానించి అలాగే నిద్రపోయాను. ఎలా చేరానో తెలియదు, మెలకువొచ్చేసరికి మంచం మీద ఉన్నాను. కాళ్ళకి మేజోళ్ళు తీసేసి ఉన్నాయి, మీద రెండు దుప్పట్లు. హాల్లోంచి పెద్దిరాజు అరుస్తున్నాడు, "అక్కా, పప్పుచారు అదిరిపోయిందక్కా!" అని. నేను నోరు తెరిచేలోపు పక్కనున్న మా ఆయన నా చెయ్యి గిల్లాడు. "థాంక్స్ చెప్పు" అన్నాడు గుసగుసగా.

"మీరు వండారా?"

"చీకట్లో ఎవరు చూశారే? చెప్పకు ఎవరికీ."

అలా మొదలైంది. కరెంటు లేని పూటల్లో నేను రాగానే ఆయన హాల్లో వాళ్ళ ముందు గట్టిగా ఆవులించి, "నేను కాసేపు పడుకుంటానండి" అని చెప్పి గదిలోకి వచ్చేవాడు. గదిలో నన్ను పడుకోబెట్టి, నా స్వెట్టరు తొడుక్కుని, గోడ పట్టుకుని వంటింట్లోకి జారుకునేవాడు. అంటే హాల్లో వాళ్ళ లెక్క ప్రకారం బావగారు నిద్రపోతున్నారు, అక్క వండుతోంది. ఇక్కడ చూస్తే అక్క గురకపెడుతోంది, బావగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఎవరైనా "అక్కా, ఇంకాస్త అన్నం పడెయ్" అంటే వంటింట్లోంచి "ఊఁ" అని సన్నగా వచ్చేది. మా ఆయన చీకట్లో నేనైపోయాడు. తిండి గిన్నెలు గుమ్మం దగ్గర పెట్టేసి వెనక్కి తగ్గేవాడు. నా యూనిఫాం కూడా ఆ చీకట్లోనే ఉతికి ఆరేసేవాడు.

కింది ఫ్లాట్‌లో రహమత్ బీ ఉండేది. రాయచోటి మనిషి. కువైటీల ఇంట్లో పనిచేసేది, ఆ ఇంటివాళ్ళు సౌదీకి పారిపోతే చుట్టాల దగ్గర తలదాచుకుంది. ఒక రోజు చింతపండు కోసం పైకొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెలు తోముతున్న ఆయనతోనే మాట కలిపింది.

"అక్కా, ఏమనుకోకుంటే ఒక మాట చెప్తా. నీ మొగునిమాదిరి మొద్దునిద్ర పొయ్యే మనిషిని నేను యాడా చూడలా. మా మామా మొగుడే నయం, వాళ్ళ బిడ్డకి పాలన్నా పడతాండె."

మామకి మొగుడేమిటో మా ఆయనకి అంతుపట్టలేదట. అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారని తర్వాత నేను చెప్పాను. "అయితే ఏమన్నారు?" అని అడిగితే, "ఊఁ అన్నాను" అన్నాడు. ఇద్దరం దుప్పట్లో నోళ్ళు కుక్కుకుని నవ్వాం. బయట బాంబులు పడుతున్నాయి, లోపల మేం అలా నవ్వుకుంటున్నాం. పెళ్ళైన ఇన్నేళ్ళలో మేం అంత దగ్గరగా ఎప్పుడూ లేము, సిగ్గు విడిచి చెబుతున్నాను.

కుక్కుటేశ్వరరావు గారు మాత్రం ఊరుకునేవారు కాదు. "బావగారూ, మగాడికి ఆమాత్రం సిగ్గుండాలండీ. రాత్రంతా రోగులకి చేసొచ్చిన మనిషి చేత వండించుకుని, తమరేమో ముసుగుతన్ని పడుకుంటారా?" అని రోజూ క్లాసు పీకేవారు. ఇంతా చెప్పినాయన ఒక్క పచ్చిమిరపకాయ ముచ్చిక తీసిన పాపాన పోలేదు. మా ఆయన తల వంచుకుని అన్నీ పడేవాడు. సోమరిపోతు అనిపించుకోవడానికి ఆయనకి సిగ్గులేదు, పనిమంతుడు అనిపించుకోవడానికి మాత్రం చచ్చేంత సిగ్గు. ఇదెక్కడి లోకమో నాకు అర్థం కాలేదు. మగాడు తిని పడుకుంటే లోకం విసుక్కుని వదిలేస్తుంది. అదే మగాడు అంట్లు తోమితే పదేళ్ళు చెప్పుకుంటుంది.

తర్వాత ఇరాకీలు వెళ్ళిపోయారు. జనం జెండాలు పట్టుకుని వీధుల్లో పడ్డారు. తగలబడుతున్న చమురు బావుల పొగ ఆకాశాన్ని కమ్మేసి, పట్టపగలే దీపాలు కావాల్సి వచ్చేది. అందరి నోటా ఒకటే మాట: కరెంటు ఎప్పుడొస్తుంది? హాస్పిటల్లో నేనూ ప్రార్థన చేశాను కరెంటు కోసం. కానీ ఇంటికొచ్చి మంచం ఎక్కగానే ఇంకో ఆలోచన వచ్చేది. వెలుతురొస్తే ఈ మనిషి నాకు మిగులుతాడా? మళ్ళీ కుర్చీలోకి వెళ్ళి కూర్చుంటాడు, చదవడం రాని పేపరు పట్టుకుంటాడు, పళ్ళెం నా ఒళ్ళోకి వచ్చేస్తుంది. ఊరుఊరంతా వెలుతురు కావాలని దేవుణ్ణి అడుగుతుంటే నేనొక్కదాన్ని ఇంకొన్నాళ్ళు వద్దు ప్రభువా అనుకున్నాను. ఆ మాట ఎవరితో చెప్పను? చెబితే నాకు పిచ్చెక్కిందనరూ!

ఆ వేళ మధ్యాహ్నం ఉరుములతో గాలివాన పట్టుకుంది. మబ్బులో పొగ కలిసి వాన కూడా నల్లగా కురిసింది. హాల్లో కిటికీ మేకులు ఊడిపోయి నీళ్ళు లోపలికి కొడుతుంటే కుక్కుటేశ్వరరావు గారు తువ్వాళ్ళు కుక్కుతున్నారు. నేను దుప్పట్ల కింద ఉన్నాను. వంటింట్లోంచి ఎండుచేపల పులుసు వాసన వస్తోంది. సరిగ్గా అప్పుడు తలుపు దబదబా బాది పెద్దిరాజు వచ్చాడు.

"అక్కా! సంపాదించేశాను! పెట్రోమాక్స్ లైటు!"

వెనకాలే రహమత్ బీ కూడా ఎక్కొచ్చింది. "ఇంగ చీకటి ఖలాస్!" అంటోంది. పంపు కొడుతున్న చప్పుడు వినపడింది, తర్వాత లైటు బుసబుసమంది. మా గది తలుపు కింద నుంచి తెల్లటి వెలుతురు లోపలికి పాకింది. ఆ వెలుతురు చూసి నాకు ఏడుపొచ్చింది.

"ముందు వంటింట్లో పెడదాం పదండి. చీకట్లో అక్క కళ్ళు పోతన్నాయి" అంటున్నాడు పెద్దిరాజు.

తలుపు తెరుచుకుని మూసుకుంది. మా ఆయన. ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చి నన్ను కుదిపాడు.

"లెగవే జాయ్సీ, లెగు. లైటొచ్చేసింది. వంటింట్లోకెళ్ళు."

నా కాళ్ళు వాటంతటవే చెప్పుల కోసం కిందికి దిగాయి. ఇన్నేళ్ళ అలవాటు, నన్నడగదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను లేవడానికి. చన్నీళ్ళలో నాని మంచులా ఉంది, సబ్బు వాసనా చేపల వాసనా కలిసి. ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని రుద్దాను. ఎంత ముద్దొచ్చిందో ఆ చెయ్యి! రుద్దుతూనే కాళ్ళు మళ్ళీ పైకి తీసుకున్నాను.

"నేను లేవను."

"ఈ ఒక్కసారికి లెగవే, నీకు పుణ్యముంటుంది."

"ఒక్కసారి కాదు కదండీ. ఇక రోజూ లైటుంటుంది."

ఆ వెలుతుర్లో ఆయన మొహం చూశాను, చాలా రోజుల తర్వాత. నా స్వెట్టరులో, మోచేతుల దాకా తడిసి, పరీక్ష తప్పిన కుర్రాడిలా నిలబడ్డాడు.

"ఆళ్ళేమనుకుంటారు?" అన్నాడు.

"పులుసు బాగుందనుకుంటారు. వెళ్ళండి, అడుగంటుతుంది."

నేను కళ్ళు మూసుకున్నాను. వెళ్ళి కుర్చీలో కూర్చుంటే? పులుసు మాడిపోయినా సరే, నేను లేవకూడదు. ఈ వేళ లేస్తే ఇక జన్మంతా లేస్తూనే ఉండాలి. ఆయన అడుగులు గుమ్మం దాకా వెళ్ళాయి. అక్కడ ఆగాయి. తర్వాత ఎడమవైపు తిరిగాయి, వంటింటివైపు. గరిటె గిన్నెకి తగిలింది.

లైటు బుస వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ముందు రహమత్ బీ గొంతు వచ్చింది.

"ఏంది అన్నా, నువ్వు కలబెడతాండావు? అక్క యాడ?"

"పడుకుంది."

"మరి ఈ కూర ఎవరు చేసిరి?"

"ఆయ్, నేనేనండి" అన్నాడు మా ఆయన. గొంతు గట్టిగానే వచ్చింది. "ఇయ్యాళే కాదు. ఇన్నాళ్ళూ నేనే."

"అల్లా! నీ మీది చాడీలు నీకే చెప్పుకుంటినా!" అంది రహమత్ బీ. పెద్దిరాజు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. లేదు. "అయితే బావగారూ, ఆ పప్పుచారు మీదా?" అంటున్నాడు. మా అత్తగారు గుమ్మంలోంచి కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయినట్టనిపించింది.

అప్పుడు కుక్కుటేశ్వరరావు గారు అడిగారు, లెక్కలు చూసే మనిషి కదా: "మరి రోజూ ముసుగుతన్ని పడుకునేదెవరండీ?"

ఇప్పటిదాకా ఆయన్ని వెలుతుర్లోకి తోశాను, బాగానే ఉంది. నేను మాత్రం దుప్పటి కిందే ఉన్నాను. "పాపం అక్క" అన్న మాట రోజూ అన్నంలో కలుపుకుని నేనూ తిన్నాను కదా. మొగుడు అంట్లు తోముతుంటే పెళ్ళాం పడుకుందంటే, మా అత్తగారిదాకా ఎందుకు, మా అమ్మే ముందు నోరు నొక్కుకుంటుంది. ఇన్నాళ్ళూ ఆయన దాచింది తన పరువొక్కటే కాదు.

వంటింట్లో ఆయన తడబడుతున్నాడు. "అది... ఏంటంటేనండి... తనకి ఒంట్లో బాగుండట్లేదండి. నీరసం. జొరం కూడా..."

నా కోసం అబద్ధమాడుతున్నాడు, పిచ్చి మనిషి. పట్టపగలు ఆడది మంచం మీదుంటే ఏదో ఒక జబ్బు ఉండి తీరాలి మరి.

"నాకేం జబ్బు లేదు!" అని గదిలోంచే అరిచాను, దుప్పటి తీయకుండా. "నిద్రొచ్చి పడుకున్నాను."