డిస్క్ దొరకలేదంటా ఉండాది

ఏదైనా కీ నొక్కమంటాది, నొక్కితే మళ్లీ అదే రాత, నల్లటి తెర మీద తెల్లగా రెండు వరసలు, బూట్ డివైస్ దొరకలేదు, డిస్క్ పెట్టి ఏదైనా కీ నొక్కండి అని ఇంగ్లీషులో, ఏదైనా అంటే ఏది, స్పేస్ నొక్కినాను, ఎంటర్ నొక్కినాను, ఊరికే ఎన్ కూడా నొక్కినాను, నిరోషలో మొదటి అక్షరం, నేనే అని చెబితే గుర్తుపడతాదేమో అన్నట్టు, గుర్తుపట్టలేదు, ఆ రెండు వరసలే ఇంకోసారి కిందకొచ్చి నిలబడినాయి, టైం పదకొండున్నర, టీచర్ పోస్టుల దరఖాస్తుకి ఈరోజే ఆఖరు, సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, నా మార్కుల లిస్టులు, బీఈడీ సర్టిఫికెట్, ఫోటో, సంతకం అన్నీ స్కాన్ చేసి దీంట్లోనే పెట్టుకోనుండాను, ఈపాటికి నాకు కాళ్లూ చేతులూ ఆడకూడదు, ఆడతా ఉండాయి, పంటి డాక్టర్ సూది వేసినాక బుగ్గ ఎట్టుంటాదో అట్టుండాది లోపలంతా, వేలితో తాకితే తాకినట్టు తెలుస్తాది, అంతే.

వసారాలో మా అత్త కామమ్మ విత్తనానికని శనక్కాయలు వలుస్తా ఉండాది, టప్ టప్ మని చప్పుడు ఆగకుండా వస్తా ఉండాది, ఏం మే, అది ఇంకా లేయలేదా అంటాది, లేయలేదత్తా అంటాను, పొద్దున కరెంటు పోతా వస్తా ఉండాది గదా దానికేమన్నా అయిందేమో, వాడికి ఫోన్ చెయ్ అంటాది, వాడంటే శ్రీకాంత్ బావ, మా మేనమామ కొడుకు, నా మొగుడు, రోజూ పొద్దున్నే ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరు పోతాడు, అక్కడ ట్రాక్టర్ల షోరూంలో పని, ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తినాడు, అప్లై చేసేసినావా అన్నాడు, లేదు బావా కంప్యూటర్ లేయడంలేదు అన్నాను, నువ్వేం భయపడొద్దు, పక్కనే మాధవ్ షాపు, నడిచిపోతా ఉండా, ఫోన్ పెట్టొద్దు అన్నాడు, భయపడేది ఆయన, నేను కాదు, చెప్పుల చప్పుడు వినిపిస్తా ఉండాది, ఆయాసం వినిపిస్తా ఉండాది, ఈ కంప్యూటర్ మాధవ్ దగ్గరే కొన్నాడు బావ, సెకండ్ హ్యాండ్‌ది, ఆన్‌లైన్ క్లాసులు ఫోన్‌లో చూస్తే నా కండ్లు పోతాయని, టీవీని మోసినట్టు మానిటర్‌ని దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకోని తెచ్చినాడు, దారి పొడుగునా ఎవురు అడిగినా మా ఇంటామె టీచర్ పరీక్ష రాస్తా ఉండాదని చెప్పినాడంట, కండక్టర్‌కి కూడా.

అక్కా, నేను మాధవ్‌ని, స్క్రీన్ మీద ఉండేది ఉన్నట్టు చదవండి అంటా ఉండాడు ఆత్మకూరు నుంచి, చదివినాను, పెన్‌డ్రైవ్ ఏమన్నా పెట్టి మర్చిపోయినారా, లేదు, అయితే ఆఫ్ చేసి ఆన్ చేసి వెంటనే ఎఫ్ టూ కొడతానే ఉండండి, కొట్టినాను, నీలం రంగు పేజీ ఒకటి వచ్చింది, దాంట్లో హార్డ్ డిస్క్ అని ఉండేచోట పేరేమన్నా ఉండాదా, ఏంలేదు మాధవ్, నన్ అని ఉండాది అన్నాను, పేరుండాల్సిన చోట పేరు లేదు, రిజల్ట్ పెట్టిన రోజు కూడా ఇట్టనే చూసినాను లిస్టులో, మొదటిసారి రాసినప్పుడు నాకు ఇరవైనాలుగేండ్లు, అర మార్కులో పోయింది, అర మార్కంటే ఏందిరా అని మా నాయన అందరినీ అడిగినాడు, రెండోసారికి నెల్లూరులో కోచింగ్, హాస్టల్ రూములో ఎనిమిది మంచాలు, ఎనిమిది నెలలు, నా కూతురు అశ్వితకి అప్పుడు రెండేండ్లు, అత్త దగ్గర వదిలిపెట్టి పోయినాను, వచ్చిన రోజు ఎత్తుకుందామని చేతులు చాపితే అవ్వ కొంగు వెనక్కి పోయి దాక్కొని ఆమె ఎవురవ్వా అని అడిగింది, అక్కా వింటా ఉండారా, ఆ చెప్పు మాధవ్, ఎక్కువగా కేబులే లూజ్ అయ్యుంటాది, స్విచ్చి ఆపి వైరు పీకేసి పక్క రేకు ఊడదీయండి, స్క్రూలు రెండే.

స్క్రూడ్రైవర్ లేదు, కూరగాయల కత్తి మొనతో తిప్పినాను, రేకు ఊడి వచ్చింది, లోపల బూడిద మాదిరి దుమ్ము, ఫ్యాన్ రెక్కలకి బూజు, ఒక మూల బల్లి గుడ్ల పెంకులు రెండు, తెల్లగా, పిల్లలు ఎప్పుడో బయటికొచ్చి ఎల్లిపోయినట్టుండాయి, అత్త లేచొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, చూసి చెయ్ తల్లీ షాక్ కొడతాది అనింది, వైరు పీకేసినాను అత్తా, ఈసారి ఉద్యోగం వస్తే మర్రిపాడు పక్క ఏస్తారో సీతారామపురం పక్క ఏస్తారో, సీతారామపురం అయితే బస్సులుండవు, వాడు బండి నేర్పిస్తాడులే అనింది, ఈ మాట ఆరేండ్లుగా అంటానే ఉండాది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు, రాకపోయినప్పుడూ విసుక్కోలేదు, పొలంకాడికి రమ్మనలేదు, గిన్నె కడగనీలేదు, నువ్వు చదువుకోపో అనింది, ఎవురన్నా ఒక్కరు తిట్టుంటే బాగుండేది, ఆ కేబుల్ ఎర్రటి సన్నటి పట్టీ మాదిరి ఉంటాదక్కా, డిస్క్ నుంచి బోర్డుకి పోతాది, రెండు పక్కలా ఊడదీసి, ఊది, గట్టిగా నొక్కండి అన్నాడు మాధవ్, బోర్డు పక్క కొస నిజంగానే సగం ఊడి ఉండాది, ఊదినాను, నొక్కినాను, టిక్కుమనింది, వైరు పెట్టి స్విచ్చి వేసినాను.

తెర నల్లగా ఉండాది, ఇంకా నల్లగానే ఉండాది, మాధవ్‌కి గిరాకీ వచ్చినట్టుంది, ఫోన్ మళ్లీ బావ చేతికి పోయింది, ఏంది నిరోషా ఏమన్నా కనపడతా ఉండాదా అంటా ఉండాడు, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగినాయి, నీలంగా వెలుగొచ్చింది, ఫైళ్లన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి, సర్టిఫికెట్లు అని నేను పేరు పెట్టిన పసుపుపచ్చ ఫోల్డర్ మొదట్లోనే ఉండాది, వచ్చిందా అన్నాడు బావ, రాలేదు అన్నాను.

నా నోరే అనింది ఆ మాట, ఎవురో వెనకనుంచి అన్నట్టు వినిపించింది, ఫరవాలేదులే, టైం పన్నెండే గదా అంటా ఉండాడు ఆయన, మాధవ్ దగ్గర కొత్త కేబుల్ తీసుకోని పర్మిషన్ పెట్టేసి మా షోరూం చెంచురామయ్య బండి మీద వచ్చేస్తా, రెండుకల్లా ఇంట్లో ఉంటా, అప్పటికీ లేయకపోతే ఇద్దరం నెట్ సెంటర్‌కి పోదాం, సర్టిఫికెట్లు మళ్లీ స్కాన్ చేయిద్దాం, బీరువాలోవి తీసి పెట్టు, మాట్లాడతానే షోరూంకి పోయినట్టుండాడు, తాళం అడగతా ఉండాడు, ఏయ్ చెంచురామయ్యా బండి తాళం ఇయ్యి, మా ఇంట్లో అర్జంటు, ఈ ఎండలో అంత దూరం టోపీ కూడా లేకుండా వస్తాడు, వచ్చి ఆ వెలిగే తెర చూస్తాడు, బావా అన్నాను, ఆ అన్నాడు, రావద్దు, ఎందుకు, కంప్యూటర్ వచ్చింది, ఇప్పుడే గదా రాలేదన్నావు, అప్పటికే వచ్చింది, నేనే రాలేదని చెప్పినాను.

ఫోన్లో ట్రాక్టర్ ఇంజను ఎవురో స్టార్ట్ చేసి ఆపినారు, మళ్లీ స్టార్ట్ చేసినారు, ఎందుకట్టా చెప్పినావు అన్నాడు బావ, కోపంగా కాదు, దారి అడిగినట్టు అడిగినాడు, ఏమో బావా అన్నాను, నిజంగానే ఏమో, పదేండ్ల కాపురంలో ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం ఇది, నిద్రలో ఈగను తోలుకున్నట్టు చెప్పేసినాను, ఫెయిలవుతానని భయమా, కాదు, ఈసారి చదివింది బాగానే చదివినాను, వస్తాదేమో కూడా, వస్తాదేమో అనుకుంటేనే ఒళ్లు బరువెక్కింది, ఒంట్లో బాగాలేదా అన్నాడు, బాగుండాది, మరి, మరి అంటే, అందరూ ఇన్నాళ్లూ అడిగింది ఒకటే, వస్తాదా, ఎప్పుడొస్తాది, ఎన్ని మార్కులొస్తాయి, మా నాయన అదే అడిగినాడు, వీధిలో వాళ్లు అదే అడిగినారు, నేను కూడా నన్ను అదే అడుక్కున్నాను, ఇంకోటి అడగలేదు, బావా అన్నాను, నాకు ఈ పరీక్ష వద్దు, తాళం చెవులు గలగలమన్నాయి, తిరిగిచ్చేసినట్టున్నాడు, సాయంత్రం దాకా టైం ఉండాది గదా నిరోషా అన్నాడు చివరికి, ఉండాది బావా అన్నాను, ఫోన్ పెట్టేసి కుర్చీలోనే కూర్చున్నాను, ఏడుపు రాలేదు, సంతోషం కూడా కాదు, టైం ఎంతున్నా ఒకటేనని తెలిసింది, నాకు వద్దు, ఈరోజు కాదు, చాన్నాళ్ల నుంచీ వద్దు.